గుండె ఆపకుండా బైపాస్ చేస్తే కండరాన్ని కాపాడేది ఏది?

మీరు రాసినదాన్ని ముందు క్లుప్తంగా చెప్పుకుందాం. సరూర్‌నగర్‌లో ఉండే మీ నాన్నగారికి 66 ఏళ్లు. షుగర్ చాలాకాలంగా ఉంది. యాంజియోగ్రామ్‌లో మూడు రక్తనాళాల్లోనూ పూడికలు కనిపించాయి. ముందువైపు దిగే ఎల్‌ఏడీలో 90 శాతం, ఎడమ పక్కనుండే ఓఎంలో 80 శాతం. కుడివైపు ఆర్‌సీఏ పూర్తిగా మూసుకుపోయింది, దాని దిగువ భాగానికి ఎల్‌ఏడీ నుంచి వచ్చే సన్నని కొమ్మల ద్వారా రక్తం అందుతోంది. ఎకోలో ఈఎఫ్ (గుండె ప్రతిసారీ తనలోని రక్తంలో ఎంత శాతం బయటికి నెడుతుందో చెప్పే అంకె) 40, కిడ్నీల పనితీరు చూపే క్రియాటినిన్ 1.6. ఒక ఆసుపత్రిలో బీటింగ్ హార్ట్ పద్ధతిలో చేస్తామన్నారు, మరోచోట పంపు పెట్టి, గుండె ఆపి చేయడమే మేలన్నారు. మీ అనుమానం ఇది: గుండె ఆపేటప్పుడు దాన్ని కాపాడే ద్రావణం ఎక్కిస్తారు, ఆపకుండా చేసేటప్పుడు అది ఇవ్వరు, మరి అప్పుడు గుండె కండరానికి దిక్కెవరు?

నేను హైదరాబాద్‌లో చాలా ఏళ్లుగా గుండె ఆపరేషన్లకు మత్తు ఇచ్చే డాక్టరుగా పనిచేస్తున్నాను. బీటింగ్ హార్ట్ ఆపరేషన్‌లో సర్జన్ చేతులకు ఎంత పని ఉంటుందో, తెరకు ఇవతల నిలబడే మా కళ్లకూ అంతే పని ఉంటుంది. మీ ప్రశ్నకు నా సమాధానం ఒక్కటే. ఈ పద్ధతిలో రక్షణ ఏ సీసాలోనూ రాదు. ఏ నాళాన్ని ముందు కుట్టాలి, దాన్ని ఎంతసేపు మూయాలి, గుండెను ఎంత ఎత్తాలి, ఎప్పుడు దించేయాలి, ఎప్పుడు పట్టుదల మాని పంపు పెట్టించాలి అనే నిర్ణయాలే రక్షణ. అందుకే ఒకే ఆపరేషన్ ఒక చేతిలో ఎంతో భద్రంగా, మరో చేతిలో ప్రమాదకరంగా ఉంటుంది.

ముందు పంపు సంగతి చూద్దాం. రక్తాన్ని శరీరం బయటికి తెచ్చి, ఆక్సిజన్ కలిపి తిరిగి పంపే యంత్రంతో జాన్ గిబ్బన్ 1953లో తొలిసారి విజయవంతంగా ఆపరేషన్ చేశారు. ఇప్పుడు యంత్రం ఆ పని చూసుకుంటూ ఉండగా బృహద్ధమనికి క్లాంపు వేసి, పొటాషియం ఎక్కువగా ఉన్న ద్రావణాన్ని గుండె నాళాల్లోకి పంపుతారు. మీరు చదివిన కార్డియోప్లీజియా అదే. గుండె వదులైన స్థితిలో ఆగిపోతుంది. ఆగిన గుండె వాడుకునే ఆక్సిజన్, పనిచేసే గుండె వాడుకునేదానిలో దాదాపు పదో వంతు. చల్లబరిస్తే ఇంకా తగ్గుతుంది. అంటే అక్కడ సరఫరా మొత్తం ఆపేసి, అవసరాన్నీ దాదాపు ఆపేస్తారు. మొత్తం గుండె గంటో, గంటన్నరో రక్తం లేకుండా ఉంటుంది. క్లాంపు తీశాక రక్తం ఒక్కసారిగా తిరిగి వచ్చినప్పుడు కూడా కండరానికి కొంత దెబ్బ తగులుతుంది. ద్రావణం ఉంది కాబట్టి ఏమీ కాదనుకోవడం సరికాదు.

బీటింగ్ హార్ట్‌లో లెక్క వేరు. గుండెలో చాలా భాగానికి సరఫరా ఆగదు. కుట్టు వేసే నాళం పరిధిలోనే, కుట్టు వేసినంతసేపే ఆగుతుంది. అయితే ఆ భాగానికి కూడా అవసరం తగ్గదు, చుట్టూ ఉన్న కండరం పని ఆపదు కదా. పైగా గుండె కండరం విశ్రాంతిలో ఉన్నప్పుడే తనకు వచ్చే రక్తంలోని ఆక్సిజన్‌లో సుమారు 70 శాతం లాగేసుకుంటుంది. మిగతా అవయవాల్లాగా అవసరమైనప్పుడు ఇంకాస్త లాగుకునే వెసులుబాటు దానికి పెద్దగా లేదు. ఎక్కువ ఆక్సిజన్ కావాలంటే ఎక్కువ రక్తం రావాలి, వేరే దారి లేదు.

నాళం మూసిన కొన్ని సెకన్లలోనే ఆ భాగం ముడుచుకునే బలం తగ్గుతుంది. కణాలు చనిపోవడానికి మాత్రం వ్యవధి పడుతుంది. జంతువుల మీద జరిగిన ప్రయోగాల్లో, పూర్తిగా మూసిన సుమారు 20 నిమిషాల తర్వాత ఆ చావు లోపలి పొరలో మొదలై బయటి పొరకు పాకుతుందని తేలింది. చేయి తిరిగిన సర్జన్ ఒక నాళాన్ని కలిపే కుట్టు మొత్తాన్ని 8 నుంచి 12 నిమిషాల్లో ముగిస్తారు. కాబట్టి కణాలు చనిపోతాయన్న భయం కంటే, ఆ పది నిమిషాల్లో గుండె లయ తప్పుతుందేమో, బీపీ కూలుతుందేమో అన్న భయమే మాకు ఎక్కువ. బీపీ కూలితే మిగతా నాళాల్లోనూ రక్తం తగ్గుతుంది. వాటిలోనూ పూడికలున్నాయి. అక్కడి నుంచి ఒకదాన్ని ఇంకొకటి కిందికి లాగుతూ పోతుంది.

నాళం మూసే ఘట్టం ఎలా ఉంటుందో చెబుతాను. కుట్టే చోటును కదలకుండా పట్టే స్టెబిలైజర్ కాళ్లు రెండూ ఎల్‌ఏడీకి అటూ ఇటూ గుండె ఉపరితలాన్ని పీల్చి పట్టుకుంటాయి. నెదర్లాండ్స్‌లోని యూట్రెక్ట్‌లో తయారైన ఆక్టోపస్ అనే పరికరం 1990ల మధ్యలో వచ్చాక ఈ పద్ధతి ప్రపంచమంతా పాకింది. మిగతా గుండె ఎగిసిపడుతున్నా, ఆ కాళ్ల మధ్యనున్న చిన్న జాగా సన్నగా అదురుతూ ఉంటుంది, అంతే. సర్జన్ నాళం కిందుగా సాగే సిలికాన్ దారం పోనిచ్చి, కోత పెట్టకముందే ఒకసారి బిగిస్తారు. ‘బిగిస్తున్నా’ అంటారు. థియేటర్‌లో కబుర్లు ఆగిపోతాయి. నా చూపు ఈసీజీలో, రక్తం చాలకపోతే కదిలే ఎస్‌టీ గీత మీద, ధమనిలో పెట్టిన గొట్టం చూపించే బీపీ అల మీద, ఊపిరితిత్తుల ధమనిలోని పీడనం మీద తిరుగుతూ ఉంటుంది. రెండు మూడు నిమిషాలు అలా చూస్తాం. ఏదీ కదలకపోతే కోత పెట్టవచ్చు. ఎస్‌టీ లేస్తున్నా, ఊపిరితిత్తుల పీడనం మెట్టుమెట్టుగా ఎక్కుతున్నా ‘వదలండి సార్’ అంటాను. దారం వదులుతారు, గుండె తేరుకుంటుంది. అప్పుడు దారి మార్చుకోవడానికి మాకు అవకాశం ఉంటుంది. ఎందుకంటే నాళం ఇంకా తెరవలేదు.

ఆ దారి పేరు షంట్. ఒకటిన్నర, రెండు మిల్లీమీటర్ల మందం ఉండే మెత్తని సిలికాన్ గొట్టం. రెండు చివరలూ కాస్త ఉబ్బి ఉంటాయి, నడుమ ఒక దారపు తోక వేలాడుతుంది. నాళం కోయగానే దాని ఒక చివరను ఎగువకు, మరో చివరను దిగువకు దూరుస్తారు. రక్తం గొట్టంలోంచి కిందికి పోతూ ఉంటుంది, సర్జన్ దాని చుట్టూ కుట్టు వేస్తారు. చివరి కుట్టు బిగించే ముందు తోక పట్టి బయటికి లాగేస్తారు. చెప్పినంత తేలిక కాదు. సన్నని, సున్నం పట్టిన నాళంలో గొట్టం దూర్చడంలోనే లోపలి పొర గీరుకుపోవచ్చు. ఎగువ పూడిక 90 శాతం ఉంటే గొట్టంలోంచి వచ్చే రక్తం కూడా తక్కువే. అందుకే కొందరు సర్జన్లు అందరికీ షంట్ వాడతారు, కొందరు అవసరమైతేనే వాడతారు. ఈఎఫ్ తక్కువ ఉన్నవాళ్లకు, ఎల్‌ఏడీ వేరే నాళాన్ని కూడా పోషిస్తున్నవాళ్లకు షంట్ ఉండాలనే పట్టుబడతాను. మీ నాన్నగారిలో ఆ రెండూ ఉన్నాయి.

ఇక వరస. నా దృష్టిలో బీటింగ్ హార్ట్ ఆపరేషన్ ప్రాణమంతా ఇక్కడే ఉంది. మీ కాలనీలో ఒక ఇంటి బోరు ఎండిపోయి, పక్కింటి బోరు నుంచి పైపు వేసుకుని నీళ్లు పట్టుకుంటున్నారనుకోండి. పక్కింటి మోటారు ఆపితే రెండిళ్లకూ నీళ్లుండవు. మీ నాన్నగారి గుండెలో ఆ పక్కింటి బోరు ఎల్‌ఏడీ. దాన్ని పది నిమిషాలు మూస్తే ముందు గోడతోపాటు, దాని మీద ఆధారపడిన కింది గోడ కూడా ఎండుతుంది. ఈఎఫ్ 40 ఉన్న గుండెకు ఒకేసారి రెండు గోడలు కుంటుపడితే నిలదొక్కుకోవడం కష్టం.

ఇలాంటిచోట రెండు ఆలోచనలు ఉన్నాయి. ఛాతీ లోపలి ధమనిని, అంటే మావాళ్లు లిమా అనేదాన్ని, ఎల్‌ఏడీకి ముందు కలపాలనేది మామూలు పద్ధతి. ఎల్‌ఏడీ ముందువైపే ఉంటుంది, గుండెను పెద్దగా ఎత్తాల్సిన పని లేదు. అది కలిసిందంటే గుండెలో పెద్ద భాగానికి కొత్త రక్తం అందుతుంది, ఆ తర్వాత గుండెను ఎటు తిప్పినా ఓర్చుకుంటుంది. రెండో ఆలోచన: పూర్తిగా మూసుకుపోయి, పక్క నుంచి రక్తం తెచ్చుకుంటున్న నాళానికి ముందు గ్రాఫ్టు, అంటే పూడికను దాటించి రక్తం తెచ్చే కొత్త నాళం, వేయాలి. దాన్ని మూసినా పోయేదేమీ లేదు, ఎలాగూ మూసుకుపోయే ఉంది కదా. కాలి సిర పై చివరను బృహద్ధమనికి ముందే కలిపి ఉంచుకుంటే, కింది కుట్టు పూర్తయిన క్షణమే ఆ గోడకు సొంత రక్తం వస్తుంది. ఆ తర్వాత ఎల్‌ఏడీని ధైర్యంగా మూయవచ్చు. ఈ యాంజియోగ్రామ్‌కు నేను రెండోదాని వైపే మొగ్గుతాను. షంట్‌తో ఎల్‌ఏడీ ముందు చేసే సర్జన్‌తోనూ పేచీ లేదు. ఈ వరస గురించి అసలు ఆలోచించని సర్జన్‌తోనే పేచీ.

ఆర్‌సీఏ పూర్తిగా మూసుకుపోయిందని మీరు బెంగపడుతున్నారు. ఈ ఒక్క విషయంలో మాత్రం అది మేలే చేసింది. 60, 70 శాతమే పూడి, బాగా పారుతున్న పెద్ద ఆర్‌సీఏను పది నిమిషాలు మూసి చూడండి. దానికి పక్కదారులు ఏర్పడి ఉండవు. గుండె లయను మోసే ఏవీ నోడ్‌కు చాలామందిలో రక్తం అటు నుంచే వస్తుంది. నాడి 70 నుంచి 35కు జారిపోవడం కళ్లముందే జరుగుతుంది. అందుకే అలాంటివాళ్లలో నాడిని నిలబెట్టే పేసింగ్ తీగలు ముందే పెట్టుకుని, అసలు నాళాన్ని ముట్టకుండా దాని దిగువ కొమ్మ పీడీఏకు గ్రాఫ్టు వేస్తారు. యాంజియోగ్రామ్ రిపోర్టులో 70 శాతం చూసి ఇంట్లోవాళ్లు ఊపిరి పీల్చుకుంటారు, 100 శాతం చూసి కుంగిపోతారు. థియేటర్‌లో మా భయం సరిగ్గా తలకిందులుగా ఉంటుంది.

ఇంక ఓఎం. అది గుండె వెనక పక్కగా ఉంటుంది. దాన్ని చేరాలంటే గుండె మొనను పీల్చిపట్టే కప్పుతోనో, గుండె వెనక సంచిలో లోతుగా వేసిన దారాన్ని లాగో, గుండెను దాదాపు నిలువుగా నిలబెట్టాలి. ఈ ఆపరేషన్‌లో బీపీ ఎక్కువగా పడిపోయేది అప్పుడే. ఇది చాలామంది అనుకునేట్టు కండరం బలహీనపడి జరగదు. కుడి జఠరిక గోడ పల్చన. గుండె మడత పడితే ముందు నలిగేది అదే. అది నిండకపోతే ఎడమవైపుకు రక్తం రాదు. మైట్రల్ కవాటం వలయం వంకరపోయి కొంత రక్తం వెనక్కి కారుతుంది కూడా. కాబట్టి చికిత్స మొదట మందులతో కాదు. బల్లను తలవైపు దించి, కుడివైపుకు వంచుతాం. కాళ్లలోని రక్తం గుండెకు చేరుతుంది. సర్జన్ కుడివైపు ఊపిరితిత్తి పొర తెరిచి గుండెకు ఒరగడానికి చోటిస్తారు. తర్వాత కాస్త నార్‌ఎడ్రినలిన్. అప్పటికీ సగటు బీపీ 60 దాటకపోతే గుండెను దించేయమంటాను. ఒకటి రెండు నిమిషాలు దాని చోట దాన్ని పడుకోనిచ్చి, మళ్లీ ఎత్తుతాం. రెండోసారి ఎత్తినప్పుడు తరచూ బాగా తట్టుకుంటుంది. దించమన్నప్పుడు దించే సర్జన్ దొరకడం మత్తు డాక్టరుకు అదృష్టం, రోగికి ఇంకా పెద్ద అదృష్టం. ఇంకో చిక్కు కూడా ఉంది. గుండె నిలువుగా ఉన్నప్పుడు ఈసీజీ అలలు చిన్నబోతాయి, అన్నవాహిక గుండా చూసే ఎకోలోనూ కొన్ని దృశ్యాలు దొరకవు. సరిగ్గా అత్యవసరమైన వేళలో మా కళ్లకు పొర కమ్ముతుంది. అప్పుడు బీపీ అల, ఊపిరితిత్తుల పీడనం, సర్జన్ కంటికి నేరుగా కనిపించే గుండె కదలిక, ఈ మూడే ఆధారం.

మందుల విషయంలో నియమం సులువైనది, పాటించడం కష్టం. ఎడమ జఠరికకు రక్తం చాలావరకు గుండె సడలినప్పుడే చేరుతుంది. నాడి 60 ఉంటే ప్రతి స్పందనలో దాదాపు మూడింట రెండు వంతుల సమయం సడలింపే. నాడి 120 అయితే అది సగానికి వస్తుంది, పైగా గుండె పని పెరుగుతుంది. అంటే నాడి పెరిగితే రాబడి తగ్గి ఖర్చు పెరిగినట్టే. అందుకే నాడిని 60 నుంచి 80 మధ్య, సగటు బీపీని 70 దగ్గర ఉంచాలని చూస్తాం. బీపీ పడగానే ఎడ్రినలిన్ అందుకోవడం కుర్ర డాక్టర్లకు వచ్చే మొదటి ఆలోచన. అది అంకెను నిలబెడుతుంది, రక్తం అందని కండరాన్ని కొరడాతో తోలుతుంది. రక్తనాళాలను బిగించే నార్‌ఎడ్రినలిన్, ఫినైలెఫ్రిన్ ముందు. గుండెను తరిమే మందులు చివర. నాడి పరుగెడితే ఎస్మొలాల్ లాంటి, కొన్ని నిమిషాల్లోనే దిగిపోయే బీటా బ్లాకర్, అంటే నాడిని తగ్గించే మందు.

ఇక్కడ మన ఊరి కథ ఒకటి చెప్పకుండా ఉండలేను. మత్తులో ఉన్న మనిషిలో ఊపిరిని కనిపెట్టాలా, గుండెను కనిపెట్టాలా అన్న వాదన 1880ల చివర్లో ప్రపంచమంతా సాగినప్పుడు, దాన్ని తేల్చడానికి పరీక్షలు జరిగింది హైదరాబాద్‌లోనే. నిజాం ఖర్చుతో, డాక్టర్ ఎడ్వర్డ్ లారీ నడిపించిన క్లోరోఫాం కమిషన్లు 1888లో, 1889లో పనిచేశాయి. ఊపిరిని చూసుకుంటే చాలు, క్లోరోఫాం నేరుగా గుండెను ఆపదని తేల్చాయి. 1911లో లెవీ అనే శాస్త్రవేత్త, తేలికపాటి క్లోరోఫాం మత్తులో ఎడ్రినలిన్ తోడైతే జఠరికలు గిలగిలా కొట్టుకుని గుండె ఆగిపోతుందని చూపాక ఆ తీర్పు నిలవలేదు. మేము ఇప్పుడు క్లోరోఫాం వాడం. కానీ రక్తం చాలని గుండెకు ఎడ్రినలిన్ ఇస్తే ఏం జరగవచ్చో, ఆ భయం మాత్రం అలాగే ఉంది.

జఠరికలు అలా కొట్టుకోకుండా చూసేవి చిన్నచిన్న పనులే. పొటాషియం 4కు పైన ఉంచడం, మెగ్నీషియం ముందే ఇవ్వడం, శరీరం వేడి తగ్గనివ్వకపోవడం. పంపు ఉంటే చల్లబడిన రక్తాన్ని యంత్రమే వేడిచేస్తుంది. ఇక్కడ ఆ యంత్రం లేదు. మనిషి చల్లబడితే గుండె లయ తప్పుతుంది, రక్తం గడ్డకట్టే గుణమూ దెబ్బతింటుంది. కాబట్టి వేడి పరుపు, వెచ్చని సెలైన్, ఏసీ తగ్గించిన థియేటర్. ఏప్రిల్‌లో గౌను కింద చెమటతో తడిసిపోయిన సర్జన్ ఏసీ పెంచమంటారు, నేను వద్దంటాను. ఈ గొడవ మాకు మామూలే.

మీరు అడిగిన ‘గుండెను ముందే రాటుదేల్చే పద్ధతి’ నిజంగా ఉంది. 1986లో కుక్కల మీద చేసిన ప్రయోగంలో, నాళాన్ని అయిదేసి నిమిషాల చొప్పున నాలుగుసార్లు మూసి తెరిచాక, 40 నిమిషాలు మూసినా చనిపోయిన కండరం నాలుగో వంతుకు తగ్గింది. సర్జన్ కోతకు ముందు ఒకసారి బిగించి వదలడంలో ఆ మేలు కూడా కొంత ఉంటుందని కొందరు నమ్ముతారు. నాకు అది పరీక్షగానే ఎక్కువ ఉపయోగం. చేతికి బీపీ పట్టీ కట్టి బిగించి వదిలితే దూరం నుంచే గుండెకు రక్షణ వస్తుందన్న ఆశ కూడా చాలాకాలం నడిచింది. 2015లో వెలువడిన రెండు పెద్ద పరీక్షల్లో, వాటిలో ఉన్నవాళ్లంతా పంపు మీద ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే, రోగులకు దానివల్ల మేలు కనిపించలేదు. పీల్చే మత్తుమందుల సంగతీ అంతే. బైపాస్ రోగులు 5,400 మందితో చేసిన పరీక్ష ఫలితం 2019లో వచ్చింది. సిరలోకి ఇచ్చే మత్తుకూ, పీల్చే మత్తుకూ ఏడాది తర్వాత మరణాల్లో తేడా లేదు. కనుక ప్రత్యేక ఇంజెక్షన్‌తో గుండెకు కవచం వేస్తామని ఎవరైనా చెబితే నవ్వి ఊరుకోండి, దానికి వేరే బిల్లు కట్టకండి.

అసలు ప్రమాదం ఎక్కడుందో ఇప్పుడు చెబుతాను. బీటింగ్ హార్ట్‌గా మొదలుపెట్టి, మధ్యలో గుండె కూలబడి, పరుగు పరుగున పంపు పెట్టాల్సి రావడం. ఇలా హడావుడిగా మారినవాళ్లలో మరణాలు, మొదటి నుంచీ పంపు మీద చేసినవాళ్ల కంటే చాలా ఎక్కువ. అదే, గుండె మొండికేస్తోందని ముందే గ్రహించి, బీపీ బాగున్నప్పుడే నింపాదిగా పంపుకు మారితే అంత ముప్పు ఉండదు. పంపుకు మారడం ఓటమి అనుకునే సర్జన్ దగ్గర బీటింగ్ హార్ట్ చేయించుకోవద్దు. పంపు యంత్రాన్ని నడిపే పెర్‌ఫ్యూజనిస్టు థియేటర్‌లో ఉండాలి, యంత్రం సిద్ధంగా ఉండాలి. ఈఎఫ్ బాగా తక్కువ ఉంటే, కాలి ధమని గుండా పెట్టే బెలూన్ పంపు ముందే అమర్చుకోవడం కూడా తెలివైన పనే. గుండె సడలినప్పుడు ఉబ్బి, గుండె నాళాలకు రక్తాన్ని తోస్తుంది. నడిమార్గం ఇంకోటుంది: పంపు పెట్టి దానికి అండగా ఉంచుకుని, గుండెను మాత్రం ఆపకుండా చేయడం. ఈ మాట ఇంట్లోవాళ్లకు ఎవరూ చెప్పరు. అడగండి.

‘ఏది మంచిది’ అన్నదానికి పెద్ద పరీక్షలే జరిగాయి. అమెరికాలో మాజీ సైనికుల ఆసుపత్రుల్లో 2,203 మందితో చేసిన ‘రూబీ’ అనే పరీక్ష తొలి ఫలితాలు 2009లో వచ్చాయి. అందులో బీటింగ్ హార్ట్ వెనకబడింది. ఏడాది తర్వాత గ్రాఫ్టులు ఎక్కువగా మూసుకుపోయాయి, అయిదేళ్లకు మరణాలు 15.2 శాతం, పంపు వర్గంలో 11.9 శాతం. మన దేశం కూడా పాల్గొన్న, 19 దేశాల్లో 4,752 మందితో జరిగిన ‘కరోనరీ’ అనే పరీక్షలో 30 రోజులకూ, ఏడాదికీ, అయిదేళ్లకూ ప్రధాన ఫలితాల్లో తేడా రాలేదు. ఎందుకింత వ్యత్యాసం? రూబీలో పాల్గొనడానికి సర్జన్ 20 బీటింగ్ హార్ట్ ఆపరేషన్లు చేసి ఉంటే చాలన్నారు. కరోనరీలో వందకు పైగా ఉండాలన్నారు. రూబీలో 12 శాతానికి పైగా మధ్యలో పంపుకు మారారు, కరోనరీలో 8 శాతానికి లోపే. రోగుల్లోనూ తేడాలున్నాయి కాబట్టి అంతా సర్జన్ల మీదికే నెట్టలేం. అయినా చేతి అనుభవం మాట కొట్టిపారేయలేనిది.

కిడ్నీ మాట. క్రియాటినిన్ 1.6 కాబట్టి బీటింగ్ హార్టే మంచిదని మీకు చెప్పారు. సగం నిజం. కరోనరీ పరీక్షలో ఆపరేషన్ తర్వాత వెంటనే కిడ్నీ దెబ్బతినడం బీటింగ్ హార్ట్‌లో తక్కువే. కానీ ఏడాది తర్వాత చూస్తే కిడ్నీ పనితీరులో రెండు వర్గాలకూ తేడా లేదు. రక్తం ఎక్కించే అవసరం తక్కువ, ఊపిరితిత్తుల ఇబ్బందులు తక్కువ అన్నవి కూడా నిజమే. మరోవైపు, తొలి నెలలో మళ్లీ నాళం తెరిపించుకోవాల్సి రావడం బీటింగ్ హార్ట్‌లో ఎక్కువ: 0.7 శాతం, పంపు వర్గంలో 0.2 శాతం.

మీ నాన్నగారి విషయంలో నా మొగ్గు చెప్పమంటే: ఏళ్ల తరబడి ఎక్కువగా ఈ పద్ధతిలోనే చేస్తున్న సర్జన్ అయితే బీటింగ్ హార్ట్, పంపు పక్కనే సిద్ధంగా. సర్జన్‌కు పంపు మీదే చేయి అలవాటైతే పంపు మీదే. ఎల్‌ఏడీ సన్నగా, పొడుగునా పూడి, కండరం లోపలికి దిగిపోయి ఉందని యాంజియోగ్రామ్‌లో తేలితే పంపు. బృహద్ధమని గోడ సున్నం పట్టి ఉంటే దానికి క్లాంపు వేయడమే పక్షవాతానికి దారి, అప్పుడు బీటింగ్ హార్ట్. మూడు గ్రాఫ్టులు అవసరమైనచోట, గుండె ఎత్తడం ఇబ్బందిగా ఉందని ఓఎం వదిలేసి రెండింటితో సరిపెడితే మాత్రం అది బీటింగ్ హార్ట్ పేరుతో జరిగిన నష్టమే. ఇవి నేను మీ రిపోర్టు చదివి చెబుతున్న మాటలు. యాంజియోగ్రామ్ సీడీ చూసిన సర్జన్ మాటే చెల్లుతుంది. రెండో అభిప్రాయానికి పంజాగుట్ట నిమ్స్‌కు వెళ్లినా, ఇంకెక్కడికి వెళ్లినా రిపోర్టు కాగితంతోపాటు ఆ సీడీ తప్పకుండా పట్టుకెళ్లండి. పక్కదారుల్లో రక్తం ఎటు నుంచి ఎటు పోతుందో కాగితం మీద తెలియదు.

సర్జన్‌ను మీరు అడగాల్సినవి: మీ బైపాస్‌లలో ఎన్ని బీటింగ్ హార్ట్? ఎంతమందిలో మధ్యలో పంపుకు మారారు? మా నాన్నకు ఏ నాళం ముందు, ఎందుకు? గ్రాఫ్టులో రక్త ప్రవాహాన్ని కొలిచే యంత్రం వాడతారా? చివరిది ముఖ్యం. కుట్టు అయ్యాక ప్రవాహాన్ని కొలిస్తే లోపం ఛాతీ మూయకముందే బయటపడుతుంది, అక్కడికక్కడే సరిచేయవచ్చు. అడిగితే డాక్టరుకు కోపం వస్తుందేమోనని సంకోచించకండి. ఇవి మేము మా ఇంట్లోవాళ్లకు ఆపరేషన్ అయితే అడిగే ప్రశ్నలే.

ఇంటి దగ్గర మీరు చేయగలిగిన రక్షణా ఉంది. ఆయన వాడే బీటా బ్లాకర్‌ను ఆపరేషన్ రోజు ఉదయం కూడా ఆపకూడదు. ఉపవాసమని గుక్కెడు నీళ్లతో వేసుకోవాల్సిన మాత్ర మానేసి వచ్చినవాళ్లలో నాడి ఎలా పరుగెడుతుందో మేము తరచూ చూస్తాం. ఆస్పిరిన్, స్టాటిన్ మామూలుగా కొనసాగిస్తారు. క్లోపిడోగ్రెల్ ఉంటే సాధారణంగా అయిదు రోజుల ముందు ఆపుతారు. షుగర్‌కు డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటివి వాడుతుంటే కనీసం మూడు రోజుల ముందు ఆపాలి. లేకపోతే షుగర్ మామూలుగా కనిపిస్తూనే రక్తంలో ఆమ్లాలు పేరుకునే ప్రమాదం ఉంది. ఏది, ఎప్పుడు ఆపాలన్నది మీ డాక్టరు చేతే కాగితం మీద రాయించుకోండి. మాత్రల అట్టలన్నీ ఒక సంచిలో వేసి మత్తు డాక్టరుకు చూపించండి. ‘ఏదో బీపీ మాత్ర’ అంటే మాకు ఏమీ తెలియదు.

ఆపరేషన్ అయ్యాక ఐసీయూలో ట్రోపోనిన్ (గుండె కండరం దెబ్బతింటే రక్తంలోకి వచ్చే పదార్థం) పెరిగిందని ఎవరైనా చెబితే కంగారు పడకండి. బైపాస్ తర్వాత అందరిలోనూ అది కొంత పెరుగుతుంది, బీటింగ్ హార్ట్‌లో మామూలుగా తక్కువ పెరుగుతుంది. అంకె ఎక్కుతూనే పోవడం, దానికి తోడు ఈసీజీలో కొత్త మార్పులు, ఎకోలో గుండె గోడ కొత్తగా కదలకపోవడం కలిస్తేనే గ్రాఫ్టును అనుమానించి, అవసరమైతే మళ్లీ యాంజియోగ్రామ్ చేస్తారు. బీటింగ్ హార్ట్ అయినవాళ్లకు ఆస్పిరిన్‌తోపాటు క్లోపిడోగ్రెల్ కూడా కొంతకాలం, తరచూ ఏడాది వరకు రాస్తారు. పంపు లేని ఆపరేషన్ తర్వాత రక్తం గడ్డకట్టే గుణం తొలిరోజుల్లో చురుగ్గా ఉంటుంది, కొత్త గ్రాఫ్టులకు అది మంచిది కాదు. డిశ్చార్జి చీటీలో రెండూ ఉన్నాయో లేదో చూడండి. ఒకటే ఉంటే ఇంటికి బయల్దేరే ముందే ఎందుకని అడగండి.